అవుట్ ఆఫ్ పాకెట్: చేతి డబ్బులు పోయాయనా, మనిషి దొరకడనా?

మున్నేటి గట్టు:

అందరికీ నమస్కారం. ఇది పోటీ పరీక్షల డౌటు కాదు. పోయిన వారం ఆఫీసులో నా పరువు తీసిన మూడు ఇంగ్లీష్ ముక్కల సంగతి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు, ఒక కంపెనీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌ని. పేరు గొప్పగానే ఉంటుంది కానీ చేసేది పెళ్ళింట్లో మేనత్త పని. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి సంతకం మిగిలింది, ఎవరు అలిగారు, అన్నీ నేనే చూసుకోవాలి. మా క్లయింటు వాళ్ళది హ్యూస్టన్. మేం ఏం చేసినా అక్కడ ఒక పెద్దమనిషి సరే అంటేనే ముందుకు కదులుతుంది.

మనిషి చాలా మంచివాడు. రెండు నెలల కిందట హైదరాబాద్ వచ్చినప్పుడు టీమ్‌లో పన్నెండు మందిమి ఆయనతో బిర్యానీకి వెళ్ళాం. బిల్లు వచ్చింది. మా మేనేజర్ ముందు జేబు, వెనక జేబు తడుముకుంటూ ఉండగానే ఆయన తన కార్డు ఇచ్చేశాడు. "అయ్యో, మీరెందుకు, తర్వాత సెటిల్ చేస్తాం" అన్నాడు మా మేనేజర్. చెయ్యలేదు. నాకు అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మనింటికొచ్చిన చుట్టం చేత కిరాణా సరుకులు కొనిపించినట్టు లేదూ?

ఇప్పుడు అసలు కథ. బుధవారం పొద్దున లాగిన్ అయ్యేసరికి ఆయన మెయిల్ ఉంది. రెండే లైన్లు. "ఐ విల్ బి అవుట్ ఆఫ్ పాకెట్ థర్స్‌డే అండ్ ఫ్రైడే. లెట్స్ గెట్ దిస్ డన్." ఆ 'దిస్' అంటే శనివారం రాత్రి మేం చెయ్యాల్సిన రిలీజ్‌కి ఆయన ఇవ్వాల్సిన అప్రూవల్. నా కళ్ళకు మాత్రం బిర్యానీ బిల్లు కనిపించింది.

నవ్వకండి. నాకు ఆ మాట ఎక్కడ పరిచయమైందో చెప్తే మీకే అర్థమవుతుంది. మూడేళ్ళ కిందట నాన్నకు హెర్నియా ఆపరేషన్ అయింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. డిశ్చార్జ్ రోజు కౌంటర్‌లో అబ్బాయి ఒక కాగితం ఇటు తిప్పి, పెన్ను కొసతో ఒక్కో లైను చూపించుకుంటూ వచ్చాడు. గ్లౌజులు, మాస్కులు, ఎప్రాన్, థర్మామీటర్, అడ్మిషన్ కిట్టు. "ఇవి క్లెయిమ్‌లో రావు మేడమ్, మీరు అవుట్ ఆఫ్ పాకెట్ కట్టుకోవాలి" అన్నాడు. మొత్తం 11,340 రూపాయలు. అమ్మ కొంగు ముడి విప్పి రెండు వేలు తీసింది, మిగతాది నేను ఫోన్ నుంచి కొట్టాను. ఆ థర్మామీటర్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అంటే ఈ మాటకు అర్థం నేను డిక్షనరీలో చూసి నేర్చుకోలేదు, రశీదుతో సహా నేర్చుకున్నాను.

మరి చేతిలో డబ్బులు లేకపోవడం గురు, శుక్రవారాలకే ఎందుకు అని డౌటు రాలేదా అంటారేమో. వచ్చింది. దానికీ నేనే జవాబు చెప్పుకున్నాను: అమెరికాలో రెండు వారాలకోసారి జీతం పడుతుందట కదా, పడేలోపు చేతిలో ఆడటం లేదేమో పాపం అని. సొంతిల్లు, రెండు కార్లు ఉన్న మనిషి మా బిర్యానీ వల్ల ఇబ్బంది పడుతున్నాడని జాలిపడి వెంటనే జవాబు కొట్టాను. మీరు మీ చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చినందుకు చాలా బాధగా ఉంది, బిల్లు కాపీ ఒకటి పంపండి, ఈ వారంలోనే మీ డబ్బు మీకు అందేలా చూస్తాం, వర్రీ అవకండి. మా మేనేజర్‌నీ ఫైనాన్స్ టీమ్‌నీ కాపీలో పెట్టాను. అంత చురుకుదనం ఎందుకో నాకు!

గంటలో ఫైనాన్స్ నుంచి ఒకాయన నా సీటు దగ్గరకే వచ్చేశాడు. "మేడమ్, వాళ్ళు మనకివ్వాల్సింది రెండు ఇన్‌వాయిస్‌లు పెండింగ్‌లో ఉంది. మనం వాళ్ళకివ్వడమేంటి?" అన్నాడు.

గురువారం రాత్రి ఏడున్నరకు కాల్. ఎనిమిది మందిమి కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చున్నాం. తెర మీద ఆయన పేరు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. ఇరవై నిమిషాలు చూశాం. ఒకడు గుడ్ డే బిస్కెట్ ప్యాకెట్ విప్పాడు, అందరం తలా రెండు తిన్నాం, లేచాం. శుక్రవారం మూడు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు. శనివారం రిలీజ్ పోయింది. మాకు మళ్ళీ శనివారం వస్తేనే అవకాశం. సోమవారం రాత్రి ఆయన జవాబు: "బిల్లా? ఏ బిల్లు? నేను గురు, శుక్రవారాలు ఉండనని చెప్పాను కదా!"

మా టీమ్ లీడ్ అందరి ముందూ ఒక్కటే అన్నాడు. "మీది ఇంగ్లీష్ మీడియమే కదా?"

అదండీ. ఇప్పుడు నా డౌట్లు. ఈ మాటకు నిజంగానే 'అందుబాటులో ఉండను' అని అర్థం ఉందా, లేక ఈయన సొంత కవిత్వమా? ఉంటే, ఏ అర్థంలో అన్నారో చూడగానే పట్టుకునే గుర్తు ఏమైనా ఉందా? మనం తిరిగి వాళ్ళతో వాడొచ్చా? ఇంకోటి, దీన్ని తెలుగులో ఏమంటారో చెప్పండి. నాన్నకు ఈ కథంతా చెప్తే, "అయితే దాన్ని మన భాషలో ఏమంటారే?" అని అడిగారు. నోట మాట రాలేదు.

నైట్ షిఫ్ట్ పిల్లోడు:

సిస్టర్, ముందు ఒకటి చెప్పండి. పన్నెండు మందికి బిర్యానీ బిల్లు ఎంతైంది?

మున్నేటి గట్టు:

6,870. అపోలో ఫిష్ రెండు ప్లేట్లు మన వాళ్ళే అదనంగా చెప్పారు. తమ్ముడూ, నేనడిగింది అది కాదు.

ప్లానో అక్కయ్య:

చెల్లీ, నీ తప్పేం లేదు. నేను టెక్సాస్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఇక్కడ ఈ మాట ఆఫీసుల్లో రోజూ వినపడుతుంది. "ఐయామ్ అవుట్ ఆఫ్ పాకెట్ టిల్ మండే" అంటే సోమవారం దాకా నేను దొరకను, ఫోన్ ఎత్తను, మెయిల్ చూడను అని. దక్షిణాది రాష్ట్రాల వాళ్ళ నోట ఎక్కువ. మీ క్లయింటుది హ్యూస్టన్ అన్నావు, ఇంకేం! మా టీమ్‌లోనే బోస్టన్ నుంచి వచ్చినామె ఒకావిడ ఉంది, పుట్టి పెరిగిన అమెరికనే. మా బాస్ మొదటిసారి ఇలా రాస్తే ఆవిడ నా దగ్గరకొచ్చి, "ఈయనకేమైనా డబ్బు ఇబ్బందా?" అని గుసగుసగా అడిగింది. కాబట్టి మీ టీమ్ లీడ్‌కి చెప్పు, బోస్టన్ ఆవిడది కూడా ఇంగ్లీష్ మీడియమే.

గుర్తు ఏమిటన్నావు కదా. నేను ఎలా పట్టుకుంటానో చెప్తాను. పక్కన ఖర్చు, బిల్లు, కాస్ట్ లాంటి మాట ఉంటే డబ్బు. పక్కన రోజో టైమో ఉంటే మనిషి ఉండడు. మీ క్లయింటు థర్స్‌డే, ఫ్రైడే అన్నాడు చూడు, అదే గుర్తు. నీ మనసు బిల్లు మీద ఉండి ఆ రోజుల్ని పట్టించుకోలేదు, అంతే.

డబ్బు అర్థం ఇక్కడ లేదనుకునేవు, అది మరీ ఉంది. మా హెల్త్ ఇన్సూరెన్స్ కాగితాల్లో 'అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్' అని ఒక గడి ఉంటుంది. ఏడాది మొత్తంలో మన చేతి నుంచి పడే ఖర్చుకు అది పైకట్టు. అది దాటాక కవరేజ్‌లో ఉన్న వైద్యానికి ఇన్సూరెన్స్ వాళ్ళే పూర్తిగా కడతారు. నెల నెలా కట్టే ప్రీమియం మాత్రం అందులోకి రాదు. 2025లో గవర్నమెంట్ పెట్టిన పైహద్దు ఒక్క మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400. చాలా ప్లాన్లలో దీనికంటే తక్కువే ఉంటుంది అనుకో. మా పెద్దాడు సాకర్‌లో చెయ్యి విరగ్గొట్టుకున్న ఏడాది ఆ గడి నాకు కంఠతా వచ్చేసింది.

ఆ పెద్దాడి వల్లే ఇంకో అర్థం కూడా తెలిసింది, విను. వాడికి పదహారు. ఒకరోజు వాడి ఫ్రెండు ఇంటికొచ్చాడు. పిల్లాడు పొడుగ్గా, సన్నగా, తాటిచెట్టు నీడలా ఉన్నాడు. మన అలవాటు కొద్దీ, "ఏంటి నాన్నా ఇంత చిక్కిపోయావు, మీ అమ్మ అన్నం పెట్టడం లేదా?" అని ఇంగ్లీష్‌లోనే అడిగేశాను. ప్రేమతోనే అన్నాను బాబూ. వాడు వెళ్ళిపోయాక మావాడు గదిలోంచి వచ్చి, "అమ్మా, దట్ వాజ్ సో అవుట్ ఆఫ్ పాకెట్!" అన్నాడు. నేను అయోమయంగా చూస్తూ నిలబడ్డాను. డబ్బులు అడగలేదు, ఊరికీ వెళ్ళలేదు, ఇదేం పాకెట్రా అంటే, అలా అనకూడని మాట అన్నావు, హద్దు మీరావు అని అర్థమట. ముందు నల్లజాతి అమెరికన్ల మాటల్లో ఉండేదట, ఇప్పుడు ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లాడి నోటా ఉంది. అంటే మూడు అర్థాలు: చేతి డబ్బు, దొరకని మనిషి, జారిన నోరు. మీ క్లయింటు వయసు ఎంతో తెలియదు కానీ, మెయిల్‌లో ఈ మూడోది వచ్చే అవకాశం లేదులే.

వాడొచ్చా అంటే, నేనైతే వాడను. అర్థమయ్యే వాళ్ళకు అర్థమవుతుంది, అర్థం కాని వాళ్ళకు నీకైనట్టే అవుతుంది. "నాట్ అవైలబుల్" అంటే అందరికీ తెలుస్తుంది.

అన్నట్టు, ఇది ఫుట్‌బాల్ నుంచి వచ్చిందని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఇక్కడి ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవాడి చుట్టూ వాళ్ళ మనుషులు కోటలా నిలబడతారు, ఆ జాగాను పాకెట్ అంటారు. అందులోంచి బయటికొచ్చాడంటే అవుట్ ఆఫ్ పాకెట్. వినడానికి బాగుంది. నిజమో కాదో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత రికార్డు రూమ్:

అమ్మాయీ, నేను కాకినాడ వైపు రెవెన్యూలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన వాణ్ణి. ఇంగ్లీష్ సంగతి ప్లానో అమ్మాయి బాగానే చెప్పింది. మీ నాన్నగారి ప్రశ్నకు నేను చెప్తాను.

డబ్బు అర్థానికి మనకు దివ్యమైన సామెత ఉంది. చేతిచమురు భాగవతం. పూర్వం ఊళ్ళో భాగోతం ఆడిస్తే దివిటీలకు చమురు ఊరివాళ్ళే పోయించాలి. ఆడేవాడు గొంతు చించుకుని పాడి, గజ్జె కట్టి ఎగిరి, పైగా దివిటీలో నూనె కూడా తన సొంతానిదే పోసుకుంటే? అదే చేతిచమురు భాగవతం. చాకిరీ మనదే, ఖర్చూ మనదే. 'చేతి చమురు వదిలింది' అన్నా అదే.

నాకూ ఒకటి ఉంది, 1994 డిసెంబరు అసెంబ్లీ ఎలక్షన్లప్పటిది. నేనప్పుడు జూనియర్ అసిస్టెంటుని. ముందురోజు రాత్రి పోలింగ్ సిబ్బంది ఓ లారీలో దిగారు. టిఫిన్ల కాంట్రాక్టు తీసుకున్నవాడు పత్తా లేడు. పై ఆఫీసరు, "ముందు నువ్వు పెట్టించెయ్యవయ్యా, బిల్లు పెట్టుకుందువు" అన్నాడు. స్టవ్ తెప్పించి, ఉప్మా చేయించి, టీలు పోయించి, జీపులో డీజిల్‌తో కలిపి నా చేతి నుంచి 1,460 రూపాయలు. అప్పటి నా జీతంలో అదెంతో మీరే ఊహించుకోండి. బిల్లు పెట్టాను. మొదటిసారి వోచరు మీద రెవెన్యూ స్టాంపు లేదని అబ్జెక్షన్. అంటించి పంపాను. రెండోసారి ఉప్మా తిన్న వాళ్ళ సంతకాలు లేవని అబ్జెక్షన్. మూడోసారి ఆ పద్దు కింద బడ్జెట్ అయిపోయిందన్నారు. నేను రిటైరయ్యే రోజు కూడా ఆ ఫైలు అలమరాలో ఉంది, నేనే చూశాను. మీ దగ్గర అవుట్ ఆఫ్ పాకెట్ అంటున్నది దీన్నే కదా?

ఇక రెండో అర్థం, మనిషి దొరక్కపోవడం. దీనికి తెలుగు కోసం వెతకనక్కర్లేదు, మన ఇళ్ళలో అందరూ అనేదే, "ఆయన అవుటాఫ్ స్టేషన్ అండీ." అది ఇంగ్లీషే కానీ ఇంగ్లీషు వాళ్ళకు తెలియదు, మనకే తెలుసు. ఈ స్టేషన్ రైలుది కాదు, పోలీసుదీ కాదు. దొరల కాలంలో జిల్లా అధికారులు, పటాలం ఆఫీసర్లు కాపురముండే ఊరిని స్టేషన్ అనేవారు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చగా 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువులో ఆ మాటకు విడిగా పద్దు ఉంది. హిల్ స్టేషన్‌లో ఉన్నదీ ఆ స్టేషనే. పనిచేసే ఊరు దాటి వెళ్ళాలంటే పైవాడి పర్మిషన్ కావాలి. మా సర్వీసులో సెలవు చీటీ మీద హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్ళడానికి అనుమతి ఇప్పించమని ఒక వాక్యం తప్పకుండా రాసేవాళ్ళం. దొరలు పోయారు, పర్మిషన్ మిగిలింది, మాట ఇంటింటికీ పాకింది. మా పాలవాడు కూడా, "రేపు రానండి, అవుటాఫ్ స్టేషన్" అంటాడు.

మూడోదానికి 'శ్రుతి మించింది' అంటే సరిపోతుంది. "ఏరా, శ్రుతి మించుతున్నావు" అని మా నాన్నగారు రోజుకోసారైనా అనేవారు.

డెస్క్‌లో ఒకడు:

పత్రికలో అనువాదాలు చేసే వాణ్ణి. బాబాయిగారి ఉప్మా బిల్లు చదివి కళ్ళనీళ్ళు వచ్చాయి, నవ్వొచ్చో ఏడుపొచ్చో తెలియదు. రెండు మూడు సంగతులు కలుపుతాను.

ఫుట్‌బాల్ కథ నిలబడదు. 'అందుబాటులో లేకపోవడం' అనే అర్థానికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపించే పాత ఉదాహరణ 1908 నాటిది, ఓ. హెన్రీ రాసిన 'బరీడ్ ట్రెజర్' అనే కథలోది. కథ చెప్పేవాడు ప్రేమించిన పిల్లను తండ్రి ఎటో తీసుకెళ్ళిపోతాడు, ఆచూకీ ఉండదు. అప్పుడు వాడు తన పోటీదారుతో అంటాడు, ప్రస్తుతం ఆమె అవుట్ ఆఫ్ పాకెట్, దొరకగానే పట్టుకుంటాను అన్నట్టుగా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించిందే 1906లో. విసిరేవాడి చుట్టూ కోట కట్టడం, దానికో పేరు రావడం ఆ తర్వాతి ముచ్చట. రెండేళ్ళలో అదంతా జరిగి, ప్రేమకథలోకి కూడా వచ్చేసిందంటే నమ్మడం కష్టం. ఇంకో తమాషా, ఓ. హెన్రీ కుర్రతనంలో టెక్సాస్‌లోనే ఉన్నాడు, హ్యూస్టన్‌లో ఒక పత్రికకు కొన్నాళ్ళు రాశాడు. మున్నేటి గట్టు గారూ, మీ క్లయింటుది సొంత కవిత్వం కాదు, ఊరి వారసత్వం.

ప్లానో అక్కయ్య గారు చెప్పిన గుర్తుకు ఒక చిన్న సవరణ. బ్రిటిష్ వాళ్ళు మనిషి పక్కనే ఈ మాట వాడి డబ్బు అర్థం తెస్తారు. ఒక వ్యవహారంలో దిగి, లెక్క చూసుకుంటే చేతిలోంచి పోయిందే మిగిలితే, "ఐ వాజ్ లెఫ్ట్ అవుట్ ఆఫ్ పాకెట్" అంటారు. ఇది ఉత్త ఖర్చు కాదు, నష్టం. మన 'చేతులు కాలాయి'కి దగ్గర. కాబట్టి లండన్ క్లయింటు ఇలా రాస్తే మాత్రం మీరు మొన్న పంపిన జవాబు పంపొచ్చు.

ఇక మా డెస్క్ బాధ. జాతీయ ఆరోగ్య ఖాతాల లెక్కలు వచ్చినప్పుడల్లా ఈ మాట నా బల్ల మీదికొస్తుంది. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా చెల్లించుకునే వాటా 2013–14లో 64.2 శాతం, 2021–22కి 39.4 శాతానికి దిగింది. దీన్ని తెలుగులో ఎలా రాయాలి? ఒకసారి 'జేబు వెలుపలి వ్యయం' అని అచ్చయింది, ఎవరు రాశారో అడక్కండి. ఆ సాయంత్రం మా చీఫ్ సబ్ ఎడిటర్ ఆ కాగితం ఎత్తి పట్టుకుని, "జేబు వెలుపల ఏముంటుందయ్యా, చొక్కా ఉంటుంది" అన్నాడు. అప్పటినుంచి 'సొంతంగా పెట్టుకునే ఖర్చు' అని రాస్తున్నాను. మాట్లాడేటప్పుడు మనం జేబు కంటే చెయ్యినే ఎక్కువ తలుస్తాం గమనించారా? చేతి డబ్బు, చేతి నుంచి పడింది, చేతి చమురు, చెయ్యి ఖాళీ. చీర కొంగుకో పంచె రొంటికో డబ్బు ముడేసుకున్న వాళ్ళకు చొక్కా జేబు నిన్నగాక మొన్న వచ్చిందే కదా. మీ అమ్మగారి కొంగు ముడి దగ్గర నాకు ఇదే తట్టింది.

నైట్ షిఫ్ట్ పిల్లోడు:

నేను బిర్యానీ గురించి అడిగితే ఇంత దూరం వచ్చింది. బాబాయిగారూ, ఉప్మా తిన్నవాళ్ళ సంతకాలు నిజంగా అడిగారా?

పాత రికార్డు రూమ్:

అడిగారు నాయనా. నూట ఇరవై మందివి.

మున్నేటి గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆలస్యంగా వస్తున్నాను, మొన్న శనివారం రాత్రి మూడింటి దాకా రిలీజ్‌లో ఉన్నాం. ఈసారి అయిపోయింది.

ప్లానో అక్కా, బోస్టన్ ఆవిడ కథ మా టీమ్ లీడ్‌కి చదివి వినిపించాను. "అలాగా" అని ఊరుకున్నాడు. ఆయన నోట అదే క్షమాపణ అని మా వాళ్ళు అన్నారు. రోజు ఉందా, రూపాయి ఉందా అని చూసుకునే గుర్తు చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాను. పక్కనే 'బ్రిటిష్ అయితే మళ్ళీ ఆలోచించు' అని కూడా.

హ్యూస్టన్ ఆయనతో కాల్‌లో మాట్లాడాను. ఆ రెండు రోజులు గాల్వెస్టన్ దగ్గర సముద్రంలో చేపలు పట్టడానికి పడవ మీద వెళ్ళాడట, సిగ్నల్ లేదట. నేను ఆయనకు డబ్బు కష్టాలేమో అనుకున్నానని చెప్తే, మ్యూట్ పెట్టడం మర్చిపోయి నవ్వాడు. ఈ మాటకు అలాంటి అర్థం కూడా ఉందని తెలుసు కానీ తను రాసేటప్పుడు అది గుర్తే రాలేదన్నాడు. ఓ. హెన్రీ సంగతి చెప్పాను. ఆయనకూ తెలియదు, రాసుకున్నాడు.

అసలు ముచ్చట ఇప్పుడు వినండి. మా పిన్ని కూతురి పెళ్ళికి ఖమ్మం వెళ్ళాలి, సోమ, మంగళవారాలు లీవ్. బాబాయిగారి జవాబు చదవక ముందే ఆయనకు మెయిల్ పెట్టేశాను, "ఐ విల్ బి అవుట్ ఆఫ్ స్టేషన్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే" అని. వెంటనే తిరుగు మెయిల్: "సరే, ఏ స్టేషన్ నుంచి? రైలు ప్రయాణమా, క్షేమంగా వెళ్ళిరా." చూసి తల పట్టుకున్నాను. కాకపోతే నేను వెళ్ళేది నిజంగా రైల్లోనే, సికింద్రాబాద్ నుంచి శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో. కాబట్టి దిద్దలేదు.

నాన్నకు చేతిచమురు భాగవతం చెప్పాను. ఆయనకు ముందే తెలుసట! "మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు?" అంటే, "నీకు తెలుసో లేదో చూద్దామని" అన్నారు. తర్వాత, "ఇంతకీ ఆ పెద్దమనిషి బిర్యానీ డబ్బులు ఇచ్చేశారా లేదా?" అని అడిగారు. మా మేనేజర్‌కి గుర్తు చేశాను. తర్వాత సెటిల్ చేద్దాం అన్నాడు.